డెంగీ తగ్గింది, కానీ మెట్లెక్కితే గుండె దడ. మళ్లీ పరుగు ఎప్పుడు మొదలుపెట్టాలి?

నిజాంపేట_రన్నర్ | సెప్టెంబరు 15, ఉదయం 6:40

అందరికీ నమస్తే. నాకు 37 ఏళ్లు, సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. నాలుగేళ్లుగా పరిగెడుతున్నాను. ఆగస్టులో హైదరాబాద్ మారథాన్‌లో హాఫ్ పూర్తిచేశాను. ఆ తర్వాత రెండో రోజే జ్వరం పట్టుకుంది. టెస్ట్ చేస్తే డెంగీ. ప్లేట్‌లెట్లు 38 వేలకు పడిపోయాయి. నాలుగు రోజులు ఆస్పత్రిలో ఉన్నాను. సెప్టెంబరు 2న జ్వరం వదిలింది, 10న చేయిస్తే ప్లేట్‌లెట్లు 2.1 లక్షలు వచ్చాయి. ఇక అంతా బాగైపోయిందనుకున్నాను.

మొన్న శుక్రవారం పొద్దున 5 కిలోమీటర్లు పరిగెత్తాను. మామూలుగా కిలోమీటరుకు ఆరు నిమిషాలు పడుతుంది, ఆ రోజు ఏడు పట్టింది. పరిగెత్తినప్పుడు హాయిగానే ఉంది. నిన్న మధ్యాహ్నం మా అపార్ట్‌మెంట్‌లో లిఫ్ట్ ఆగిపోయింది. మాది నాలుగో అంతస్తు. చేతిలో రెండు పాల ప్యాకెట్లు, కొత్తిమీర కట్ట, అంతే బరువు. రెండో అంతస్తు మలుపు దగ్గర రెయిలింగ్ పట్టుకుని ఆగిపోయాను. వాచీలో గుండె వేగం చూస్తే నిమిషానికి 151. కింది ఇంటి పాప సైకిల్ దించుకుంటూ "అంకుల్, కొంచెం జరగండి" అంటే, జరగడానికి కూడా ఒక నిమిషం పట్టింది. ఇంటికొచ్చి సాయంత్రం దాకా పడుకునే ఉన్నాను.

మా జిమ్ ట్రైనర్ "చెమట పట్టిస్తే ఒంట్లో మిగిలింది కూడా పోతుంది, వచ్చేయ్" అంటున్నాడు. అమ్మ "నెల రోజులు మంచం దిగకు" అంటోంది. ఈ దశ దాటిన వాళ్లు ఎవరైనా చెప్పండి. నిజంగా భయంగా ఉంది.

తార్నాక_పీఈటీ_టీచర్ | సెప్టెంబరు 15, ఉదయం 7:25

బాబూ, ముందు ఆ ట్రైనర్ మాట పక్కన పెట్టెయ్. ముప్పై ఒక్క ఏళ్లు స్కూల్లో పిల్లలను ఆడించాను. చెమటతో వైరస్ పోదు. చెమటతో పోయేది నీళ్లు, ఉప్పు. జ్వరంలో అసలే అవి తక్కువైపోయి ఉంటాయి.

మీ అమ్మగారి మాటలో సగం నిజం ఉంది. విశ్రాంతి కావాలి, మంచం అక్కర్లేదు. ఇంట్లో తిరుగు, నీ బట్టలు నువ్వే మడతపెట్టుకో, బాల్కనీలో కూర్చో. ఇప్పటికి అదే నీకు వ్యాయామం.

నల్లకుంట_ఫిజీషియన్ | సెప్టెంబరు 15, ఉదయం 9:10

జనరల్ మెడిసిన్ డాక్టర్‌ని. రిపోర్టులు చూడకుండా రాస్తున్నాను కాబట్టి ఇది మీ డాక్టర్‌ను కలవడానికి బదులు కాదు. మెట్ల మీద 151 వచ్చి, సాయంత్రం దాకా లేవలేకపోయారంటే ఈ వారంలోనే వెళ్లి ఈసీజీ, హిమోగ్లోబిన్, బీపీ చూపించుకోండి. ఛాతీలో నొప్పి గానీ బరువు గానీ, గుండె తడబడి కొట్టుకోవడం, కళ్లు తిరిగి పడిపోవడం, పడుకున్నా ఆయాసం, కాళ్ల వాపు, వీటిలో ఏ ఒక్కటి ఉన్నా వారం ఆగకండి, ఈరోజే వెళ్లండి.

డెంగీలో చాలామంది పొరపడే సంగతి ఒకటుంది. జ్వరం తగ్గిన తర్వాతి ఒకటి రెండు రోజులే అసలు ప్రమాదమైన సమయం. రక్తనాళాల నుంచి నీరు బయటికి కారేది, ప్లేట్‌లెట్లు అడుగంటేది అప్పుడే. ఆ గండం దాటారు, సంతోషం. అయితే ప్లేట్‌లెట్ల లెక్క మామూలుకు వచ్చిందంటే రక్తస్రావం భయం తగ్గిందని మాత్రమే అర్థం. కండరాలు, గుండె, నిద్ర, ఆకలి ఇవేవీ ఆ అంకెలో కనిపించవు. డెంగీ తర్వాత నీరసం వారాల తరబడి ఉండటం మామూలే.

ఇంకొకటి. డెంగీ నుంచి కోలుకునేటప్పుడు కొందరికి విశ్రాంతిలో నాడి బాగా నెమ్మదిస్తుంది, 50 కిందకీ రావచ్చు. పరుగు అలవాటున్నవాళ్లు అది చూసి ఫిట్‌నెస్ పెరిగిందని మురిసిపోతారు. అది ఫిట్‌నెస్ కాదు. ఎక్కువమందిలో దానంతట అదే సర్దుకుంటుంది. తల తిరుగుడు కూడా ఉంటే మాత్రం ఈసీజీ తప్పనిసరి.

ఈ వాన రోజుల్లో ఎవరికైనా జ్వరమొస్తే, డెంగీ కాదని తేలేవరకు ఒళ్లు నొప్పులకు ఐబుప్రోఫెన్, డైక్లోఫెనాక్, ఆస్పిరిన్ వేసుకోవద్దు. పారాసిటమాల్ ఒక్కటే, అదీ మోతాదు మించకుండా. రన్నర్లకు నొప్పి మాత్రలు బ్యాగులో పెట్టుకుని తిరిగే అలవాటు ఉంటుంది కాబట్టి చెబుతున్నాను.

శేరిలింగంపల్లి_లిఫ్టర్ | సెప్టెంబరు 15, మధ్యాహ్నం 1:05

డాక్టర్ గారి మీద గౌరవంతోనే ఒక మాట. మనవాళ్లు విశ్రాంతి పేరుతో మరీ పడుకుంటారు. 1966లో అమెరికాలోని డాలస్‌లో ఐదుగురు ఆరోగ్యవంతులైన ఇరవై ఏళ్ల కుర్రాళ్లను మూడు వారాలు మంచం మీదే ఉంచారు. ఆక్సిజన్ వాడుకునే గరిష్ఠ సామర్థ్యం పావు వంతుకు పైగా పడిపోయింది. ముప్పై ఏళ్ల తర్వాత అదే ఐదుగురిని పరీక్షిస్తే, ముప్పై ఏళ్ల వయసు చేసిన నష్టం కంటే ఆ మూడు వారాల మంచం చేసిన నష్టమే ఎక్కువని తేలింది. అందుకే నేను ఒంట్లో బాగా లేకపోయినా జిమ్ మానను. పోయినేడు 100 డిగ్రీల జ్వరంలో కూడా వెయిట్స్ చేశాను, ఏమీ కాలేదు.

ఉప్పల్_ఫిజియో | సెప్టెంబరు 15, రాత్రి 9:50

లిఫ్టర్ తమ్ముడూ, ఆ ప్రయోగం నిజమే, మాకూ పాఠంగా చెబుతారు. కానీ వాళ్లెవరికీ జబ్బు లేదు. మంచం ఎంత చెడ్డదో అది చెబుతుంది, జ్వరంలో బరువులెత్తడం మంచిదని ఎక్కడా చెప్పదు. ఒంటి వేడి ఒక డిగ్రీ సెల్సియస్ పెరిగితే గుండె నిమిషానికి సుమారు పది సార్లు ఎక్కువ కొట్టుకుంటుంది. అంటే జ్వరంలో ఊరికే కూర్చున్నా గుండె పనిచేస్తూనే ఉంటుంది. దాని మీద ఇంకో బరువు ఎందుకు పెట్టాలి? నీకేమీ కాలేదంటే ఆ రోజు అదృష్టం బాగుంది, అంతే. ఇంకోసారి చేయకు, దయచేసి.

రన్నర్ గారూ, మీ పోస్టులో నాకు ముఖ్యమనిపించింది 151 కాదు. శుక్రవారం పరిగెత్తారు, హాయిగా ఉంది. శనివారం కూలిపోయారు. జబ్బు తర్వాత శరీరం జవాబు ఆలస్యంగా ఇస్తుంది. పరిగెత్తుతున్నప్పుడు ఉత్సాహం ఉంటుంది, అసలు లెక్క మర్నాడు తేలుతుంది, ఒక్కోసారి ఎల్లుండి. కాబట్టి ఈరోజు ఎంత చేయొచ్చో ఈరోజు అనిపించేదాన్ని బట్టి నిర్ణయించకండి. నిన్న చేసింది ఈరోజు పొద్దున ఎలా ఉందో దాన్ని బట్టి నిర్ణయించండి. నా దగ్గరికి వచ్చే పేషెంట్లందరికీ మొదట చెప్పేది ఇదే.

పద్ధతి ఇలా ఉంటుంది. కోవిడ్ తర్వాత క్రీడాకారుల కోసం రాసిన సూచనల్లో ఒక తేలికైన పరీక్ష పెట్టారు, వేరే వైరల్ జ్వరాలకూ నేను అదే వాడతాను. ఇంటి పనులు మామూలుగా చేసుకోగలగాలి, చదునైన దారిలో 500 మీటర్లు ఆయాసం, అలసట లేకుండా నడవగలగాలి. లక్షణాలన్నీ పోయి వారం గడవాలి. ఇవి కుదరకముందు పరుగు మాటే వద్దు. మీకు ఇప్పుడు ఈ వారం లెక్క మళ్లీ మొదటి నుంచి మొదలవుతుంది, ఎందుకంటే నిన్నటిది లక్షణమే.

తర్వాత మొదటి వారం పది పదిహేను నిమిషాల నిదానపు నడక, ఒళ్లు సాగదీసుకోవడం, అంతే. శ్రమ కొలవడానికి వాచీ అక్కర్లేదు. నడుస్తూ పాట పాడగలిగితే తేలికగా ఉన్నట్టు. మాట్లాడగలరు గానీ పాడలేరంటే మధ్యస్థం. నాలుగు మాటలకే ఊపిరి అందకపోతే ఎక్కువ. మొదటి రెండు వారాలు పాట పాడగలిగే దగ్గరే ఉండండి. ఆ తర్వాత ఒక నిమిషం జాగింగ్, రెండు నిమిషాల నడక, ఇలా కలపొచ్చు. వారానికి ఒకటే మార్చండి, అయితే నిమిషాలు, లేకపోతే వేగం. రెండూ కలిపి పెంచితే ఏది పడలేదో తెలియదు. మర్నాడు తేడా అనిపిస్తే ఒక మెట్టు కిందికి దిగి, కుదుటపడ్డాకే మళ్లీ పైకి.

కేబీఆర్ పార్క్ చుట్టూ బయటి దారిలో ఎత్తుపల్లాలు ఉంటాయి, ఇప్పుడు వద్దు. నెక్లెస్ రోడ్ లాంటి చదును దారి చూసుకోండి. అలసిపోతే కూర్చోవడానికి చోటు, ఇంటికి రావడానికి ఆటో దొరికేలా ఉండాలి. దూరం వెళ్లిపోయి తిరిగి రాలేక ఇబ్బంది పడినవాళ్లను చూశాను.

కొల్లూరు_సైకిల్ | సెప్టెంబరు 16, ఉదయం 5:55

రాత్రి ఇది చదివాక నిద్ర పట్టలేదు, అందుకే రాస్తున్నాను. లిఫ్టర్ అన్నా, ముఖ్యంగా మీరు చదవాలి.

నాకు 41. ఈ ఏడాది జనవరిలో ఫ్లూ వచ్చింది. మూడు రోజుల జ్వరం. ఐదో రోజు పొద్దున, ఇంకా ఒళ్లు వెచ్చగానే ఉంది, అయినా ఔటర్ రింగ్ రోడ్ పక్కన సోలార్ కప్పు వేసిన సైకిల్ ట్రాక్ మీదికి వెళ్లాను. వెళ్లేటప్పుడు బాగానే ఉంది. తిరిగి వస్తుండగా ఛాతీ మధ్యలో ఎవరో అరచేయి పెట్టి నొక్కుతున్నట్టు అనిపించింది. సైకిల్ దిగి ట్రాక్ అంచున కూర్చున్నాను. ఎదురుగా వస్తున్న ఒకాయన ఆగి నీళ్లిచ్చి, "అన్నా, ముఖం తెల్లబోయింది" అని తనే కారు పిలిపించారు. ఆయన పేరు కూడా అడగలేకపోయాను.

ఈసీజీలో తేడా, రక్తంలో ట్రోపోనిన్ ఎక్కువ (గుండె కండరం దెబ్బతింటే పెరిగేది అది), తర్వాత గుండె ఎంఆర్‌ఐ. మయోకార్డైటిస్ అన్నారు, అంటే గుండె కండరానికి వాపు. ఆరు నెలలు సైకిల్ ముట్టుకోవద్దన్నారు. వేగంగా నడవడం కూడా వద్దన్నారు. ఆరు నెలల తర్వాత ఎకో (గుండె స్కాన్), 24 గంటలు ఒంటికి తగిలించి ఈసీజీ తీసే హోల్టర్, ట్రెడ్‌మిల్ పరీక్ష చేసి, అన్నీ బాగున్నాకే వదిలారు. ఇప్పుడు మళ్లీ తొక్కుతున్నాను. కానీ ఆ ఆరు నెలలు హాల్లో గోడకు ఆనించిన సైకిల్‌కు గుడ్డ కప్పి ఉంచాను, చూడలేక.

నల్లకుంట_ఫిజీషియన్ | సెప్టెంబరు 16, మధ్యాహ్నం 2:30

సైకిల్ గారూ, ధైర్యంగా రాశారు. మయోకార్డైటిస్ తర్వాత మూడు నుంచి ఆరు నెలలు కఠిన వ్యాయామం ఆపడం కార్డియాలజిస్టులు సాధారణంగా పాటించే పద్ధతే. ఇది చాలా కొద్దిమందికే వస్తుంది, అందరూ హడలిపోనక్కర్లేదు. కాక్సాకీ అనే వైరస్ సోకిన ఎలుకలను బలవంతంగా ఈదించిన పాత ప్రయోగాల్లో, విశ్రాంతిగా ఉంచిన ఎలుకల కంటే వాటి గుండెలు బాగా ఎక్కువ దెబ్బతిన్నాయి. జ్వరంలో వ్యాయామం వద్దని మేం గట్టిగా చెప్పడానికి ఒక కారణం అదే.

జలుబుతో ముక్కు కారుతోంది, కొంచెం గొంతు గరగర, అంతవరకే అయితే తేలికపాటి నడక పర్వాలేదు. ఛాతీలో దగ్గు, జ్వరం, ఒళ్లు నొప్పులు, విరేచనాలు, ఇలా లక్షణాలు మెడ కిందికి దిగితే మాత్రం విశ్రాంతే.

శేరిలింగంపల్లి_లిఫ్టర్ | సెప్టెంబరు 16, రాత్రి 10:15

సైకిల్ అన్నా, చదివాను. రెండు సార్లు చదివాను. నాకేమీ కాలేదని రాయడం తప్పే, ఇక్కడ చదివి ఇంకెవరైనా అలాగే చేస్తే ఆ పాపం నాది. జ్వరంలో జిమ్‌కి ఇక వెళ్లను. మంచం గురించి చెప్పినదానికి మాత్రం కట్టుబడి ఉన్నాను.

బోయిన్‌పల్లి_అక్క | సెప్టెంబరు 17, ఉదయం 11:20

నా ప్రశ్న పరుగు గురించి కాదు. నాకు 52. జులైలో చికెన్‌గున్యా వచ్చింది. జ్వరం వారంలో పోయింది, మడమలు, మణికట్లు ఇంకా పట్టేస్తున్నాయి. పొద్దున లేచి పాదం కింద పెట్టాలంటే గోడ పట్టుకోవాలి, గంట తర్వాత వదులవుతుంది. అక్టోబరు 2న ఎంగిలిపూల బతుకమ్మ. పెళ్లయిన దగ్గర్నుంచి ఒక్క ఏడు కూడా ఆట మానలేదు. ఈసారి ఆడొచ్చా? మా ఆయన కుర్చీ వేస్తాను, కూర్చుని చూడు అంటున్నారు.

ఉప్పల్_ఫిజియో | సెప్టెంబరు 17, రాత్రి 9:05

అక్కా, బతుకమ్మ ఆట మంచి వ్యాయామం. అడుగు వేయడం, నడుము వంచి చప్పట్లు కొట్టడం, మళ్లీ లేవడం, దానికి తోడు ఊపిరితో పాట. అందుకే తేలిగ్గా తీసుకోకూడదు. మీకు ఇంకా రెండు వారాలుంది, ఈ రోజు నుంచే తయారవ్వండి.

పొద్దున మంచం దిగకముందే పాదాలను పైకి కిందికి ఇరవై సార్లు ఆడించండి, పాదంతో గాలిలో సున్నాలు చుట్టండి, గుప్పిళ్లు మూసి తెరవండి. ఆ తర్వాత గోరువెచ్చని నీళ్లలో పది నిమిషాలు పాదాలు పెట్టండి. సాయంత్రం వంటింట్లో చదునైన చోట, మీకిష్టమైన పాట ఒక్కటి పాడుకుంటూ అదే అడుగు వేయండి. మొదటి వారం ఒక్క పాటే. మర్నాడు పొద్దున ఆ బిగువు రోజూ ఉండే గంటలోపే వదిలితే రెండో పాట కలపండి. గంట దాటితే సగానికి తగ్గించండి. కీలు వాచి, ఎర్రగా, వేడిగా ఉంటే ఆ రోజు ఆట లేదు. వాపు తగ్గకపోతే డాక్టర్‌ను కలవండి, కొందరికి నెలల తరబడి మందులు అవసరమవుతాయి.

పండుగ రోజున సిమెంటు నేల మీద కాకుండా మట్టి నేల మీద ఆడండి. రెండు పాటలు ఆడాక మీ ఆయన వేసిన కుర్చీలో కూర్చుని చప్పట్లు కొట్టండి, మళ్లీ రెండు పాటలు. సద్దుల రోజు కోసం ఓపిక దాచుకోండి. అంటే తొమ్మిది రోజులూ ఆడొద్దు, రోజు విడిచి రోజు ఆడండి.

మల్కాజిగిరి_నాన్న | సెప్టెంబరు 18, ఉదయం 8:00

మా అబ్బాయికి 16, కాలేజీ కబడ్డీ టీమ్‌లో ఉన్నాడు. గొంతు నొప్పి, మెడ దగ్గర గడ్డలు, జ్వరం. ఎప్స్టీన్ బార్ వైరస్ అన్నారు. జ్వరం పోయి పది రోజులైంది. కోచ్ రమ్మంటున్నాడు. పంపమంటారా?

నల్లకుంట_ఫిజీషియన్ | సెప్టెంబరు 18, మధ్యాహ్నం 1:45

పంపకండి. ఈ వైరస్‌తో ప్లీహం వాచి మెత్తబడుతుంది. ఎడమ పక్క పక్కటెముకల కింద ఉండే అవయవం అది. కబడ్డీలో ఎవరి మోకాలైనా అక్కడ తగిలితే చిట్లి లోపల రక్తస్రావం అవ్వొచ్చు. జబ్బు మొదలైన రోజు నుంచి కనీసం మూడు నాలుగు వారాలు మీద పడే ఆటలు, బరువులెత్తడం ఆపాలి. తర్వాత డాక్టర్ చూసి సరేనన్నాకే. ఎడమ పక్క పై కడుపులో ఉన్నట్టుండి నొప్పి వస్తే, లేదా ఎడమ భుజం లాగితే, నేరుగా ఎమర్జెన్సీకి తీసుకెళ్లండి. కోచ్‌కు ఈ పోస్టు చూపించండి.

అల్వాల్_పుస్తకాలు | సెప్టెంబరు 19, రాత్రి 11:30

ఇక్కడ అందరూ మెల్లగా పెంచుకుంటూ వెళ్లమంటున్నారు. ఎక్కువమందికి అది సరైనదే. నాలాంటి వాళ్లకు కాదు, అదొక్కటి చెప్పాలి. 2021 మేలో కోవిడ్ వచ్చింది. మూడు నెలల తర్వాత కూడా పది నిమిషాలు నడిస్తే మూడో రోజున ఒళ్లంతా సీసం పోసినట్టు బరువెక్కేది. వెలుతురు పడదు, మాట వెతుక్కోవాలి, తలస్నానం చేస్తే రెండు గంటలు పడుకోవాలి. అందరూ "కొంచెం కొంచెం పెంచు" అన్నారు. పెంచిన ప్రతిసారీ ముందుకంటే కిందికి పడిపోయాను.

శ్రమ తర్వాత 12 నుంచి 48 గంటలకు, ఒక్కోసారి ఇంకా ఆలస్యంగా ఇలా పడిపోవడాన్ని వేరే లక్షణంగా గుర్తిస్తారని ఆలస్యంగా తెలిసింది. దీర్ఘకాలిక అలసట జబ్బుకు ఒక లెక్క ప్రకారం పెంచుకుంటూ పోయే వ్యాయామ చికిత్స ఇవ్వవద్దని బ్రిటన్‌లో వైద్య సూచనలు రాసే నైస్ సంస్థ 2021 అక్టోబరులోనే మార్గదర్శకాలు మార్చింది. నేను నేర్చుకున్నది ఓపిక అయిపోకముందే ఆపడం. కూరగాయలు కూర్చుని తరుగుతాను. స్నానం ఒక రోజు, బయటికి వెళ్లడం ఇంకో రోజు. ఇప్పుడు పూర్తిగా కాకపోయినా సగం రోజు పని చేసుకోగలుగుతున్నాను. మెల్లగా పెంచినా మళ్లీ మళ్లీ పడిపోతున్నవాళ్లు ఉంటే, అది మీ బద్ధకం కాదు. దయచేసి ఎవరూ వాళ్లను బద్ధకస్తులనవద్దు.

ఉప్పల్_ఫిజియో | సెప్టెంబరు 20, ఉదయం 7:10

అల్వాల్ గారూ, ఇది రాయాల్సింది నేను, నాకంటే ముందు మీరు రాశారు. అందుకే మర్నాటి లెక్క ముఖ్యమంటాను. ఒక మెట్టు దిగినా మర్నాడు మళ్లీ కూలిపోతున్నారంటే అక్కడ పెంచడం ఆపాలి, డాక్టర్ దగ్గరికి పంపాలి.

తార్నాక_పీఈటీ_టీచర్ | సెప్టెంబరు 20, ఉదయం 8:40

తిండి గురించి ఎవరూ రాయలేదు. జ్వరంలో పోయిన కండ పప్పు, గుడ్డు, పెరుగు, చేప, శనగలతో తిరిగి వస్తుంది. ఒకే పూట గిన్నెడు తినకుండా మూడు పూటలకూ పంచుకోండి. ప్రొటీన్ పొడి డబ్బాల మీద మూడు వేలు పెట్టనక్కర్లేదు. మా పక్కనే ఉన్న జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన ఆహార మార్గదర్శకాల్లో కూడా ఆ పొడులు వద్దనే ఉంది. నిద్ర ఎనిమిది గంటలు. బాబూ, రాత్రి పన్నెండింటి దాకా ఆఫీస్ కాల్స్‌లో ఉండి పొద్దున ఐదింటికి నడకకు పోతే అది కూడా శ్రమే.

నిజాంపేట_రన్నర్ | సెప్టెంబరు 22, సాయంత్రం 6:15

అందరికీ చేతులెత్తి నమస్కారం. ఈసీజీ మామూలుగా ఉంది. హిమోగ్లోబిన్ 11.2, తక్కువే, అందుకే మందులిచ్చారు. పొద్దున లేవకముందు నాడి లెక్కపెడుతున్నాను, 54. డాక్టర్ గారు చెప్పి ఉండకపోతే మురిసిపోయేవాడినే.

వంటింట్లో అమ్మ పాల లెక్క రాసే క్యాలెండర్ ఉంది. దాని మీదే ఒక మూల నాడి, ఇంకో మూల నడిచిన నిమిషాలు రాస్తున్నాను. అమ్మ పాల గీతల పక్కన నా అంకెలు. మర్నాడు బాగుంటే చుక్క, బాగా లేకపోతే అడ్డగీత. ఈ వారం అంతా పది నిమిషాలే. మూడు చుక్కలు, ఒక అడ్డగీత. అడ్డగీత పడిన ముందు రోజు రాత్రి ఒంటి గంట దాకా ఆఫీస్ కాల్, టీచర్ గారూ.

బోయిన్‌పల్లి_అక్క | అక్టోబరు 11, ఉదయం 10:30

నిన్న సద్దుల బతుకమ్మ. మూడు పాటలు ఆడాను, కూర్చున్నాను, ఇంకో రెండు ఆడాను. ఈ రోజు పొద్దున బిగువు నలభై నిమిషాల్లో వదిలింది. ఫిజియో బాబూ, నీ పేరు తెలియదు, నీ పేరు మీద ఒక పువ్వు ఎక్కువ పేర్చాను.

నిజాంపేట_రన్నర్ | అక్టోబరు 27, ఉదయం 7:50

ఆరు వారాలు అయింది. ఈ రోజు నెక్లెస్ రోడ్‌లో ఒక నిమిషం జాగింగ్, రెండు నిమిషాల నడక, ఎనిమిది సార్లు. దారంతా పాడుతూనే ఉన్నాను, పక్కన నడిచే పెద్దాయన ఒకరు గొంతు కలిపారు కూడా. పరిగెత్తాలనే కోరిక బాగా వచ్చింది, ఇంకో రెండు సార్లు చేద్దామనిపించింది. ఆపేశాను. ఇప్పుడే క్యాలెండర్ మీద 24 అని రాసి వచ్చాను. చుక్కా, అడ్డగీతా అన్నది రేపు పొద్దున చెబుతాను.